కుడికన్ను చేత్తో, ఎడమకన్ను మిషనుతో

ఇప్పుడు నాకు రెండు కళ్లూ బాగానే కనిపిస్తున్నాయి. మా మహిళా సంఘంలో ఆడవాళ్లు కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతారు. శుక్లాల ఆపరేషను చేత్తో చేసేది మంచిదా, మిషనుతో చేసేది మంచిదా అని. నాకు ఒక కన్ను అలా, ఒక కన్ను ఇలా అయింది కాబట్టి నన్ను అడగడం న్యాయమే. అడిగిన ప్రతిసారీ మొదటి నుంచీ చెప్పలేక ఒకసారి రాసి పెడుతున్నాను. ఇందులో మా ఇంట్లో వాళ్లకు కూడా తెలియని మాట ఒకటుంది. అది కూడా రాసేస్తేనే మనసు కుదుటపడుతుందని అనిపించింది.

నా పేరు అశ్వర్థమ్మ. వయసు యాభై ఆరు. మాది పెనుకొండ పక్కన పల్లె. ఎకరన్నర మల్బరీ తోట, ఇంటి వెనక పట్టుపురుగుల షెడ్డు ఉన్నాయి. మా ఆయన ఆదినారాయణ ఆకు కోసి తెస్తాడు, పురుగులు గూళ్లు కట్టాక వాటిని హిందూపురం మార్కెట్టుకు తీసుకుపోతాడు. షెడ్డు లోపలి పని నాది. పురుగులను కనిపెట్టుకుని ఉండటం పెళ్లయి వచ్చినప్పటి నుంచీ నా పనే.

పట్టుపురుగు నాలుగుసార్లు మేత మానేసి కదలకుండా పడుకుంటుంది. దాన్ని మేం జ్వరం అంటాం. నాలుగో జ్వరం నుంచి లేచాక వారం రోజులు విడవకుండా మేస్తుంది. జబ్బు బయటపడేదీ ఎక్కువగా అప్పుడే. పాలరోగం పట్టిన పురుగు ఉబ్బి, పసుపు తిరిగి, ఆకు పరిచిన బెడ్డు అంచుల వెంట పాకుతుంది. చర్మం చిట్లితే పాలలాంటి నీరు కారుతుంది. ఆ నీరు పడిన ఆకు తిన్నవాటికి కూడా అదే జబ్బు వస్తుంది. అందుకని పసుపు తిరిగినది ఒక్కటి కనిపించినా వెంటనే ఏరి పారెయ్యాలి. అన్ని వేల పురుగుల్లో ఆ ఒక్కదాన్ని పట్టుకోవడంలో నాకు ఊళ్లో పేరుండేది.

ఫిబ్రవరి

పోయినేడాది ఫిబ్రవరిలో ఒక పొద్దున నేను బెడ్లన్నీ చూసుకుని, బాగున్నాయనుకుని బయటికి వచ్చాను. మా ఆయన ఆకు మోపు దించి లోపలికి వెళ్లాడు. వెళ్లిన నిమిషానికే కేక వేశాడు.

"ఏమే, ఇవి చూడలేదా నువ్వు? అంచులెంబడి పాకుతాండాయి గదా!"

"యాడ?" అంటూ వెళ్లాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. తర్వాత బెడ్డు మీది నుంచి రెండు పురుగులు తీసి నా రెండు అరచేతుల్లో చెరొకటి పెట్టాడు. "వీటిల్లో జబ్బుది యాదో చెప్పు" అన్నాడు.

వెలుతురు ఉన్న వైపు తిరిగి చూశాను. రెండూ పసుపుగానే ఉన్నాయి. షెడ్డు గోడలు కూడా పసుపుగానే ఉన్నాయి. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి కుడిచేతిలోది అన్నాను. అది తప్పు.

ఆయన గొంతు పెంచాడు. అప్పుడు మా కోడలు శిల్ప గుమ్మం దగ్గరికి వచ్చింది. ధర్మవరం అమ్మాయి, మా ఇంటికి వచ్చి మూడేళ్లు. అంతవరకూ మామ ముందు గట్టిగా మాట్లాడింది లేదు.

"మామా, అత్తను తిట్టొద్దు. అత్తకు కన్ను కనపడ్డం లేదు. పోయిన శుక్రవారం నాకు బొట్టు పెడ్తాననొచ్చి కనుబొమ్మ మింద పెట్టింది. నేను అవతలికి పోయి తుడుచుకుని పెట్టుకుంటి."

ఆ వారంలో పురుగులన్నీ పోయాయి. మా ఆయన గుంత తవ్వి, సున్నమూ బ్లీచింగూ చల్లి పూడ్చాడు. గుంత దగ్గర నిలబడితే ఆ సున్నం కూడా నాకు తెల్లగా కనిపించలేదు.

నిజానికి నాకు ఏడాదిన్నరగా తెలుసు. బస్సు బోర్డు చదవలేక, వచ్చిన ప్రతి బస్సునూ ఎక్కడికి పోతుందని అడిగేదాన్ని. సాయంత్రం దీపం చుట్టూ వెలుతురు చీలికలై కనిపించేది. కుడికన్ను మరీ అధ్వానం. ఎడమది మూస్తే ఎదుటి మనిషి ఉన్నట్టు తెలుస్తుంది కానీ ఎవరో తెలియదు.

మా అబ్బాయి నరేశ్ పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. షిఫ్టు దిగి వచ్చి విషయం విని, "ఏమ్మా, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు?" అని అడిగాడు.

"చెప్తే కోస్తారు గదా" అన్నాను. వాడు నవ్వాడు. నేను నవ్వలేదు.

మార్చి

పెనుకొండలో ఒక బడిలో కంటి క్యాంపు పెట్టారు. శిల్ప తోడు వచ్చింది. బెంచీల మీద వరసగా కూర్చోబెట్టి చుక్కల మందు వేశారు. బీపీ, షుగరు చూశారు. కుడికన్నుకు ముందు ఆపరేషను కావాలని నుదుటి మీద ఆ వైపు చిన్న ప్లాస్టరు అతికించారు. మర్నాడు బస్సులో హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోయారు. శిల్పకు షెడ్డు కడిగే పని ఉంది, రాలేదు.

నరేశ్ బండి మీద వెనకే వచ్చాడు. డాక్టరమ్మ వయసులో వాడికంటే చిన్నదిలా ఉంది. వాడు ఆమెతో వాదన వేసుకున్నాడు.

"క్యాంపు వాళ్లకని పాత పద్ధతిలో కోస్తారంట గదా మేడం. మా అమ్మకు మిషనుతో చెయ్యండి. ఎంతైనా మేం పెట్టుకుంటాం."

ఆమె కోప్పడలేదు. "కూర్చోండి. మిషను ఈ ఆసుపత్రిలో కూడా ఉంది. కానీ మీ అమ్మగారి కుడికంట్లో పొర బాగా ముదిరి రాయిలా గట్టిపడింది. మిషనుతో దాన్ని లోపలే పగలగొట్టి పీల్చాలంటే చాలాసేపు పడుతుంది. ఆ వేడికి కంటి ముందుభాగం దెబ్బతినొచ్చు. చిన్న కోతపెట్టి చేత్తో పొరను మొత్తంగా బయటికి తీయడమే ఈ కన్నుకు క్షేమం. లోపల పెట్టే లెన్సు దేనికైనా లెన్సే. కుట్లు కూడా ఉండవు. ఎడమకన్ను ఇంకా మెత్తగా ఉంది, అది మిషనుతో చేయించుకోవచ్చు."

"ఏడాది ముందు వచ్చుంటే?" అన్నాడు వాడు.

"అప్పుడైతే రెండూ మిషనుతోనే చేసేవాళ్లం" అంది ఆమె.

వాడు నా వైపు చూసి సంతకం పెట్టాడు. షిఫ్టుకు వెళ్లాలి కాబట్టి సాయంత్రం వస్తానని వెళ్లిపోయాడు.

వార్డులో నా పక్క మంచం మరియమ్మది. తనకల్లు దగ్గర ఊరు. కూలికి పోతుంది. ఆమెకు కూడా ఆ మధ్యాహ్నమే ఆపరేషను, ఎడమకన్నుకు. ఆమె సంచిలోంచి బొరుగులు తీసి నాకు పెట్టింది. తినలేకపోయాను. పన్నెండు గంటలప్పుడు నర్సు మరో చుక్క వేసి, ఇంకో గంటలో పిలుస్తామని చెప్పి వెళ్లింది. నేను లేచి చెప్పులేసుకుని బయటికి నడిచాను. గేటు దాటి బస్సులు ఆగేచోటికి వెళ్లి నిలబడ్డాను. ఏ బస్సు ఎక్కడికి పోతుందో తెలియదు. ఏదొస్తే అది ఎక్కేద్దామనుకున్నాను.

వెనకనుంచి మరియమ్మ గొంతు వినిపించింది. "అక్కా, యాడికి పోతాండావు? సంచి మంచం మిందనే ఇడిసిపెడ్తివి." నా సంచి పట్టుకొచ్చింది. ఆమెకూ సరిగ్గా కనబడదు, రోడ్డు ఎలా దాటిందో మరి.

ఇద్దరం అక్కడి అరుగు మీద కూర్చున్నాం. ఎవరికీ చెప్పని మాట అప్పుడు ఆమెకు చెప్పాను.

నాకు పదిహేనేళ్లప్పుడు మా అమ్మకు కంటి ఆపరేషను అయింది. ఆ కాలంలో లెన్సు పెట్టేవాళ్లు కాదు. పెద్దగా కోసి, కుట్లు వేసి, సీసా అడుగులాంటి దళసరి అద్దాలు ఇచ్చేవాళ్లు. ఆపరేషను బాగానే జరిగింది. ఇంటికి వచ్చిన మూడో రోజు అమ్మ కన్ను మండుతోందని ఏడ్చింది. వీధిలో ఒకామె ఏదో ఆకు పేరు చెప్పి, పసరు పిండితే చల్లబడుతుందంది. నాయన పొలంలో ఉన్నాడు. కట్టు విప్పి పసరు పిండింది నేను. రెండు రోజుల్లో కన్ను చీము పట్టింది, పోయింది. ఆసుపత్రిలోనే ఏదో తేడా చేశారని నాయన చచ్చిపోయేదాకా అనుకున్నాడు. నేను నోరు విప్పలేదు. అమ్మకు తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పలేదు. ఒక్క కన్నుతోనే నా పెళ్లి చేసింది.

"నా కన్ను కూడా పోవాల్సిందే మరియమ్మా. అందుకే ఇన్నాళ్లు చెప్పలేదు" అన్నాను.

ఆమె సంచిని నా ఒళ్లో పెట్టింది. తర్వాత అంది: "పదిహేనేండ్ల పిల్లకు ఏం తెలుస్తాది? అమ్మ ఏడుస్తాంటే సూడలేక చేసినావు. నీ కన్ను తీసుకుంటే మీ అమ్మకు కన్నొస్తాదా? రాదు గదా. మీ ఇంట్లో వాళ్లకు కష్టం, అంతే. లెయ్, నన్ను రోడ్డు దాటించు. నాకు బండ్లు కనపడవు."

నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని దాటాం. వార్డుకు వచ్చాక ఆమె కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. అందులో నా పేరు కూడా వినిపించింది. నేను కదిరి నరసింహస్వామిని తలుచుకున్నాను.

ఆపరేషను గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కంటి పక్కన సూది వేశారు, అది ఒక్కటే నొప్పి. తర్వాత కన్ను నాది కానట్టు మొద్దుబారింది. మొహం మీద గుడ్డ కప్పారు. వెలుతురు కనిపించింది, డాక్టరమ్మ నర్సుతో మాట్లాడటం వినిపించింది. లోపల ఏదో నొక్కినట్టు, లాగినట్టు తెలిసింది. "వచ్చేసింది పెద్దమ్మా, గోధుమరంగులో ఉంది మీ పొర" అంది ఆమె. అంతే.

మర్నాడు పొద్దున కట్లు విప్పారు. మరియమ్మ ముందు. "ఫ్యాను రెక్కలు కనపడ్తాండాయి! మూడుండాయి!" అని అరిచింది. తర్వాత నాది. నాకు పొగ తప్ప ఏమీ కనిపించలేదు. పొగ వెనక తెల్లకోటు కదిలింది. నా కన్ను కూడా పోయిందనుకున్నాను. మరియమ్మ సంతోషం చూస్తే ఒళ్లు మండింది కూడా. ఆ మాట దాచను.

"మీ పొర గట్టిది కదా, తీసేటప్పుడు కన్ను కాస్త వాచింది. వారం పది రోజుల్లో తేటపడుతుంది. చుక్కలు మాత్రం ఒక్కటి కూడా మానకండి" అంది డాక్టరమ్మ. నేను నమ్మలేదు.

ఏప్రిల్, మే

ఇంటికి వచ్చాక నన్ను చూసుకునే పని శిల్ప తీసుకుంది. రెండు గంటలకొకసారి చుక్కలు. ఫోనులో అలారం పెట్టుకుంది. ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చేది. తలకు నీళ్లు పోసుకోకూడదు, బరువు ఎత్తకూడదు, వంగకూడదు, పొగ తగలకూడదు. షెడ్డులో బ్లీచింగు వాసన ఉంటుంది కాబట్టి ఆ వైపే పోకూడదు. కంట్లో ఇసుక పడ్డట్టు గరగరమనేది. మూడో రోజు ఆ మంట ఎక్కువైంది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన వచ్చి, "ఏమైండాది, ఆసుపత్రికి పోదామా?" అన్నాడు. నేను వద్దనలేదు. ఆ పూటే తీసుకుపోయాడు. చూసి, అంతా సరిగ్గానే ఉందని చెప్పి పంపారు. దారిలో ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ఐదో రోజు పొగ పలచబడింది. ఎనిమిదో రోజు పొద్దున అరుగు మీద కూర్చుని ఉంటే ఎదురింటి గోడ నీలంగా కనిపించింది. అది ఎప్పుడూ ఆకుపచ్చ అనుకునేదాన్ని. "ఆ గోడకు కొత్తగా సున్నం వేసినారా?" అని శిల్పను అడిగాను. "లేదత్తా, నేనొచ్చినప్పట్నుంచీ నీలమే" అంది.

తర్వాత అదొక పనిగా పెట్టుకున్నాను. ఒక కన్ను మూసి చూడటం, మళ్లీ రెండోది మూసి చూడటం. ఎడమకంటితో చూస్తే అన్నం పసుపు, కుడికంటితో చూస్తే తెలుపు. మా ఆయన జుట్టు ఒక కంటికి రాగి రంగు, ఇంకో కంటికి ముగ్గుపిండి. "నీకు ఇంత తెల్లబడిందా!" అంటే, "నువ్వే ఆలస్యంగా చూసినావు" అన్నాడు.

ఏప్రిల్ చివర కొత్త పురుగులు తెచ్చారు. నన్ను షెడ్డులోకి రానివ్వలేదు. శిల్ప ఒక్కతే చూసుకోవాలి. ఆమెకు పురుగును ముట్టుకోవడమే ఒకప్పుడు అసహ్యం. మొదటి రోజుల్లో మామాకోడళ్లు మేత గురించి కీచులాడుకునేవాళ్లు. ఆకు తేమగా ఉందని ఆమె, కాదని ఆయన. ఇద్దరూ నాకు ఫిర్యాదు చేసేవాళ్లు. నేను గుమ్మానికి పది అడుగుల దూరంలో నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చునేదాన్ని. శిల్ప అనుమానం వచ్చిన పురుగును ఆకు మీద పెట్టి బయటికి తెచ్చి చూపించేది.

"అత్తా, ఇది జబ్బుదేనా?"

"కాదు, అది జ్వరం నుంచి ఇప్పుడే లేచింది. కడుపు చూడు, గట్టిగా ఉండాది."

"మరి ఇది?"

"అదే. దాన్ని సున్నంలో ఎయ్, చేతులు కడుక్కో."

కుడికంటితో చెప్పాను. ఒక్కటీ తప్పు పోలేదు. ఆ పంట నిలబడింది. గూళ్లు అల్లేటప్పుడు మా ఆయన ఒక గూడు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇది నీ కోడలు పెంచిందని మాత్రం అన్నాడు.

ఆరు వారాలకు కళ్లద్దాలు ఇచ్చారు. కోత పెట్టిన కన్నుకు కొంచెం వంపు వస్తుందట, గీతలు కాస్త మసకగా కనిపిస్తాయి. అద్దం పెట్టుకుంటే సరిపోయింది.

జూలై

ఎడమకన్నుకు ధర్మవరం వెళ్లాం. శిల్ప పుట్టింటి దగ్గర కంటి డాక్టరు, పెద్దాయన. ఈసారి సూది లేదు, చుక్కలతోనే మొద్దుబారింది. అదే నాకు ఎక్కువ భయం అయింది, కన్ను కదిలిస్తే ఏమవుతుందోనని. మిషను సన్నగా రొద పెడుతుంది, గొంతు మారుతూ ఉంటుంది. కంటి మీద నీళ్లు పారుతున్నట్టు ఉంటుంది. రంగురంగుల వెలుగులు కనిపించాయి. అయిపోయిందంటే నమ్మలేదు. కట్టు కూడా కట్టలేదు, పైన అద్దంలాంటి మూత పెట్టి సాయంత్రానికి వియ్యంకుల ఇంటికి పంపారు. మర్నాడు మూత తీయగానే డాక్టరు చొక్కా గుండీలు లెక్కపెట్టాను.

నరేశ్‌కు ఇక పట్టపగ్గాలు లేవు. "చూసినావా? మిషనంటే ఇదీ. ఆ కన్ను కూడా ఇట్లే చేయించింటే నువ్వు అన్ని రోజులు బాధపడేదానివి కాదు" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. కానీ రెండు నెలల తర్వాత రెండు కళ్లనూ మార్చి మార్చి చూసుకుంటే తేడా ఏమీ లేదు. ఒకటి ఎనిమిది రోజులకు చేరిన చోటికి ఇంకోటి ఒక్క రోజులో చేరింది. చేరింది మాత్రం ఒక్క చోటికే.

డిసెంబరు

బత్తలపల్లిలో ఒక పెళ్లికి వెళ్లి బస్సు కోసం నిలబడ్డాను. ఎడమకన్ను దురద పెడితే మూసుకున్నాను. కుడికంటితో చూస్తే బోర్డు మసకగా ఉంది. అద్దాలు తుడిచాను. అలాగే ఉంది. పొర మళ్లీ వచ్చిందనుకున్నాను.

ఈసారి దాచలేదు. బస్సు ఎక్కకముందే శిల్పకు ఫోను చేసి చెప్పాను. రెండు రోజుల్లో నలుగురం ధర్మవరంలో ఉన్నాం. నరేశ్ డాక్టరు ముందు, "చేత్తో చేసిన కన్ను సార్, మొదటే అనుకున్నా" అన్నాడు.

పెద్దాయన మెషీనులో చూసి, "చేతికీ మిషనుకూ సంబంధం లేదు. లెన్సు వెనక ఉండే సన్నని సంచి కొందరికి కొన్నాళ్లకు మబ్బు పడుతుంది. రేపు ఎడమకంటికి కూడా రావచ్చు, రాకపోవచ్చు. అంత గట్టి పొరను హిందూపురంలో ఆ డాక్టరమ్మ ఎంత శుభ్రంగా తీసిందో చూశారా? నేనైనా అదే చేసేవాణ్ని" అన్నాడు. నరేశ్ తల వంచుకున్నాడు.

దానికి లేజరు. గడ్డం ఒక దాని మీద ఆనించి కూర్చోవడమే. టిక్కు టిక్కుమని చప్పుడు, ఎర్ర చుక్క. నొప్పి లేదు, కోత లేదు. బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చినంతసేపు కూడా పట్టలేదనిపించింది. నాలుగు రోజులు కంటి ముందు నల్ల నలుసులు తేలాయి, తర్వాత పోయాయి. ఇప్పుడు షెడ్డులో శిల్పా నేనూ చెరో వైపు చూస్తాం. జబ్బు పురుగును కొన్నిసార్లు ఆమే ముందు పట్టుకుంటుంది.

సంఘంలో వాళ్లకు నేను చెప్పేది ఇదే. చెయ్యా మిషనా అన్నది కన్నును చూసిన డాక్టరు చెప్పాలి. ముదరబెట్టుకుంటే మనకు ఎంచుకునేది ఉండదు, నాకు లేకపోయింది. ఇంటికొచ్చాక ఇచ్చిన చుక్కలు తప్ప కంట్లో ఏదీ పోయకండి, ఎవరు చెప్పినా సరే. ఎందుకు చెబుతున్నానో పైన రాశాను.

పోయిన నెల

మరియమ్మ, నేను అప్పటి నుంచీ ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఆమె రెండో కన్ను వాయిదా వేస్తూ వచ్చింది. ఇద్దరు కూతుళ్లూ బెంగళూరులో పనికి పోయారు, తోడు ఎవరూ లేరని ఒకసారి, కూలి పోతుందని ఒకసారి. చివరికి, "నాకు భయమైతాందక్కా. ఒకటి వచ్చింది, చాలు" అంది.

"నువ్వు నన్ను గేటు బయటనుంచి పట్టుకొస్తివి. ఇప్పుడు నేనొస్తా, నువ్వు బయల్దేరు" అన్నాను.

హిందూపురం ఆసుపత్రికి ఇద్దరం వెళ్లాం. వార్డులో ఆమెకు చుక్కలు వేస్తుంటే నర్సు కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. కొత్త అమ్మాయి.

"తోడు మీరేనా? ఆమెకు ఏమవుతారు?"

"ఏమీ కానమ్మా. పోయినేడు పక్క మంచం నాది."

"ఈడ బంధుత్వం రాయాల గదమ్మా. పక్క మంచమని రాస్తే ఒప్పుకోరు."

మరియమ్మ కళ్లు మూసుకునే, "అక్క అని రాయ్ పాపా" అంది.

ఆ అమ్మాయి రాసి, నవ్వి, పెన్ను నా చేతికిచ్చింది. కాగితం నిండా చిన్న అక్షరాలు. సంతకం గడి ఎక్కడుందో ఆమె వేలు పెట్టి చూపించబోయింది. అప్పటికే నాకు కనిపించింది.